తనంతట తాను సరకెత్తుకొను సైనిక లారీ

పుష్య, మాఘ మాసములలో కందులు చేతికి వచ్చు కాలమున నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక విషయము తోచకపోదు. లారీ పరుగెత్తుటకు పుట్టిన యంత్రము. కాని అచ్చట అది ఉదయము వచ్చి, పొద్దు వాలువరకు కదలక నిలిచియుండును. వెనుక తలుపు దింపి, నేలనుండి ఒక చెక్కబల్ల ఏటవాలుగా ఆనించి, నలుగురైదుగురు హమాలీలు బస్తా వెంట బస్తా వీపుమీద వేసుకొని పైకి ఎక్కింతురు. చేతిలోని చిన్న ఇనుప కొక్కెమొక్కటే వారి పనిముట్టు. డ్రైవరు లారీ నీడలోనే తువ్వాలు పరచుకొని ఒక నిద్ర తీయును. లక్షలు పోసి కొన్న ఇంజను, టైర్లు, అన్నియు ఆ పూటంతయు అతనితోపాటు నిద్రించుచునే యుండును.

హమాలీలు చేయుచున్న పని ఎంత? భౌతికశాస్త్రము చదువు విద్యార్థి దీనిని కాగితముమీద సులభముగా లెక్కించవచ్చును. 50 కిలోల బస్తాలు 200 అనుకొందురు గాక. మొత్తము 10 టన్నులు. వానిని సగటున 2 మీటర్ల ఎత్తుకు చేర్చవలెను. ద్రవ్యరాశిని 9.8 తోను, ఎత్తుతోను గుణించగా వచ్చునది 196 కిలోజౌలులు. కాలరీలలో చెప్పిన సుమారు 47 కిలోకాలరీలు. ఒక మాదిరి అరటిపండులో ఉన్న శక్తిలో సగమునకు ఇది ఇంచుమించు సమానము! హమాలీ చిందించు చెమటకును ఈ అంకెకును పొత్తు కుదరదని విద్యార్థి ఆశ్చర్యపడుట సహజము. కారణము లేకపోలేదు. బస్తాతోపాటు తన శరీరమును గూడ ప్రతి సారియు అతడు పైకెత్తుకొనవలెను. బరువు మోయుచు సమతలముపై నడచిన నడకను భౌతికశాస్త్రము పనిగా లెక్కింపదు గాని కండరములు లెక్కించును. అదే బరువును ఒక ఇంజను ఎత్తినచో, ఇంధనములోని శక్తిలో అయిదవ వంతు మాత్రమే ఉపయోగపడినదనుకొన్నను, 30 మిల్లీలీటర్ల డీజిలు చాలును.

దీనినిబట్టి తేలునదేమనగా, సరకు ఎక్కించుటలో ఖరీదైనది శక్తి కాదు, కాలము. లారీ నిలిచియుండు కాలము. స్వయంగా సరకు ఎత్తుకొను సైనిక లారీలను గూర్చి తయారీదారుల ప్రకటనలలో, ప్రదర్శనలలో, పత్రికలలో వచ్చు పొగడ్తలలో ఈ మాట సాధారణముగా మరుగున పడును. ఒక్క డ్రైవరు, కూర్చున్న చోటునుండి లేవకుండ, 15 టన్నుల బరువును రెండు నిమిషములలో ఎత్తుకొని పోవుట చూచినవారు దాని బలమునకు చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు సగమే సబబు. ఈ యంత్రము నిజముగా ఏమి చేయుచున్నది, ఏమి చేయుటలేదు అనునది విడదీసి చూడవలసియున్నది.

మార్కెట్ యార్డులో లారీ నిలిచిన పోవునది కిరాయి డబ్బు. యుద్ధరంగమున పోవునది ప్రాణము. నిలిచిన లారీ శత్రువు కంటికి సులభమైన గురి. అందులో ఉన్నది మందుగుండు అయినచో చెప్పనక్కరలేదు. పైగా ఆధునికాయుధముల ఆకలి మనుష్యుల చేతులు తీర్చగల ఆకలి కాదు. 1999లో కార్గిల్ పోరాటమున భారత ఫిరంగి దళములు రోజుకు సుమారు 5,000 చొప్పున గుండ్లు, మోర్టారు బాంబులు, రాకెట్లు ప్రయోగించినట్లు ప్రకటింపబడినది. అందులో బోఫోర్సు ఫిరంగి 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి సుమారు 43 కిలోలు. అట్టివి వేయి గుండ్లయినచో, వానిని విసరు మందు లెక్కలోనికి రాకముందే, 43 టన్నులు! ఆ ఫిరంగిని రూపొందించినవారు ఈ కష్టమును ముందే ఎరిగి, మూడేసి గుండ్లను ఎత్తి అందించు చిన్న క్రేనును ఫిరంగికే అమర్చిరి. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థ రూపొందించిన పినాక రాకెట్టు వాహనము ఇంకను తొందర కలది. 12 రాకెట్లను 44 సెకండ్లలో వదలును. ఒక్కొక్క రాకెట్టు సుమారు 276 కిలోలు. అనగా ముప్పాతిక నిమిషములో మూడు టన్నులకు పైగా సరకు ఖర్చు. వెంటనే ఆరేసి రాకెట్ల పెట్టెలు రెండింటిని తిరిగి అమర్చవలెను. క్రేను కలిగిన సరఫరా లారీ ప్రక్కన లేనిచో ఆ వాహనము ఖాళీ గొట్టముల బండి మాత్రమే.

నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే ఎద్దుమైలారమున యుద్ధ వాహనములను తయారుచేయు కర్మాగారమున్నది. 1984లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారము ‘సారథ్’ అను పేరుగల పదాతిదళ శకటములకు ప్రసిద్ధి చెందినది. గొలుసు చక్రములమీద తుపాకీతో కదలిపోవు ఆ శకటములను గూర్చి పిల్లలు ఉత్సాహముతో మాట్లాడుకొందురు. వానికి గుండ్లు, నూనె, రొట్టె మోసికొనిపోవు లారీని గూర్చి ఎవరును మాట్లాడరు. సికింద్రాబాదులో సైనిక ఆయుధసామగ్రి దళము వారి శిక్షణ కేంద్రమును, వాహనములు మరమ్మతు చేయు ఇంజనీర్లను తయారుచేయు కళాశాలయు ఉన్నవి. అచ్చటివారికి మాత్రము ఈ లారీయే నిత్యపాఠము.

సరకు పెట్టెను లారీనుండి వేరుచేయవలెనను ఊహ సైనికులది కాదు, చెత్త ఎత్తువారిది. అమెరికాలోని నాక్స్‌విల్ నగరమునకు చెందిన జార్జి డెంప్‌స్టర్ అను గుత్తేదారు 1930 తరువాతి సంవత్సరములలో, నేలమీద వదలివేయదగిన ఇనుప తొట్టిని లారీయే వచ్చి ఎత్తుకొనిపోవు ఏర్పాటునకు పేటెంటు పొందెను. అతని పేరునుండియే ఆ తొట్టికి ‘డంప్‌స్టర్’ అను పేరు వచ్చినది. పురపాలక సంఘముల వీధులలో రెండు ఇనుప చేతులతో చెత్తతొట్టిని ఎత్తుకొనిపోవు డంపర్ ప్లేసరు లారీని చూడని విద్యార్థి అరుదు. అది ఈ వంశములోనిదే. తరువాత ఐరోపాలో, ముఖ్యముగా ఫిన్లండు దేశములోని మల్టీలిఫ్ట్ సంస్థ వారి చేత, ఒంటి కొక్కెముతో పొడవైన బల్లను లాగుకొను పద్ధతి బాగుగా అభివృద్ధి చెందినది. బ్రిటిష్ సైన్యము దానిని ‘డ్రాప్స్’ అను పేర 1990 ప్రాంతమున ప్రవేశపెట్టెను. జర్మనీలో యుద్ధము వచ్చినచో ఫిరంగులకు గుండ్లు ఎట్లు అందించవలెనను దిగులే దానికి మూలము. అమెరికా సైన్యము 1990లో ఓష్‌కోష్ కంపెనీకి పని అప్పగించి, అయిదు ఇరుసులు, పది చక్రస్థానములు, పదింటికిని ఇంజను బలము అందు పెద్ద లారీని చేయించుకొన్నది. దాని ఇంజను 500 అశ్వశక్తులది. లారీమీద 15 టన్నులు, వెనుక తగిలించిన ట్రైలరుమీద మరి 15 టన్నులు మోయును.

పని జరుగు తీరు చూడవలసినదే. సరకు ముందుగానే ఒక ఇనుప బల్లమీద పేర్చి కట్టబడి యుండును. ఈ బల్లకు ‘ఫ్లాట్‌రాక్’ అని పేరు. దానికి చక్రములుండవు, ముందువైపు నిలువు చట్రములో ఒక అడ్డకడ్డీ ఉండును. లారీ వెనుకకు నడచి వచ్చి బల్లకు ఎదురుగా నిలుచును. లారీ చట్రముమీద పడుకొనియున్న బలమైన ఇనుప చేయి, ముంజేతివలె వంగి వెనుకకు వాలి, కొన కొక్కెముతో ఆ అడ్డకడ్డీని పట్టుకొనును. తరువాత చేయి ముందుకు తిరుగును. బల్ల ముందుభాగము పైకి లేచును, వెనుకభాగము నేలమీదనే ఆని చిన్న దొర్లుడు చక్రములపై జరుగును. కొంత పైకి వచ్చిన పిమ్మట బల్ల అడుగుభాగము లారీ వెనుకకొననున్న రోలర్ల మీద ఆని, వానిపై జారుచు ముందుకు వచ్చి, చివరకు సమతలముగా పడుకొనును. దింపునపుడు ఇదంతయు తలక్రిందులుగా జరుగును.

గ్రామములో పొడవాటి దుంగను బండిమీదికి ఎక్కించువారు మొదట ఒక కొననే ఎత్తి బండిమీద ఆనించి, పిమ్మట రెండవ కొనను త్రోయుదురు. ఈ యంత్రము చేయునదియు అదియే. గురుత్వకేంద్రము బల్ల నడుమ ఉన్నచో, ఒక కొన ఎత్తునపుడు కొక్కెముమీద పడు నిలువు బరువు మొత్తములో సగమే. మిగిలిన సగమును నేల మోయును. అయినను ఆ ఇనుపచేతిని త్రిప్పు సిలిండర్లమీద పడు బలము చాల పెద్దది. ఏలననగా సిలిండరు చేతిని దాని మూలమునకు దగ్గరగా పట్టి తోయును, బరువు మాత్రము దూరపు కొనన వ్రేలాడును. మోచేతి దగ్గర కండరమునకు కలుగు అవస్థ వంటిదే ఇది. ఉదాహరణకు 15 సెంటీమీటర్ల వ్యాసముగల సిలిండరులో నూనెను 300 వాతావరణముల పీడనమునకు త్రోసినచో, దాని ముషలకముమీద 50 టన్నులకు పైబడిన బలము పుట్టును. 177 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమును పీడనముతో గుణించి విద్యార్థులే సరిచూచుకొనవచ్చును. అయితే సామర్థ్యము మాటకు వచ్చినచో వేరొక వింత. బల్లతో కలిపి పదహారున్నర టన్నుల బరువు మీటరున్నర ఎత్తుకు ఒక్క నిమిషములో చేరుటకు కావలసినది సగటున 4 కిలోవాట్లు, అనగా అయిదు అశ్వశక్తులకు కొంచెము మించి. నడుమ ఒరపిడి, ఎగుడుదిగుడు బలములు ఎన్ని లెక్కవేసినను, 500 అశ్వశక్తుల ఇంజనుకు ఇది పెద్ద శ్రమ కాదు.

పాస్కల్ సూత్రమును పాఠ్యపుస్తకములు ఎప్పుడును కారును పైకెత్తు ఒక్క బొమ్మతోనే చెప్పుట విచారకరము. 5 మిల్లీలీటర్లది ఒకటి, 50 మిల్లీలీటర్లది ఒకటి, రెండు సిరంజిలను నీటితో నింపి సన్నని గొట్టముతో కలిపినచో, చిన్నదానిని ఒక్క వ్రేలితో నొక్కి, పెద్దదానిని నొక్కిపట్టిన స్నేహితుని బొటనవ్రేలిని వెనుకకు త్రోయవచ్చును. బలము సుమారు అయిదింతలు పెరుగును. కదలిక అయిదవ వంతుకు తగ్గును. ఆ రెండవ సగమును విద్యార్థులు తరచు మరచెదరు. సైనిక లారీలోని పంపు నిమిషమునకు ఎంత నూనె తోయగలదో, ఇనుపచేయి అంత వేగముగానే తిరుగును గాని అంతకు మించి తిరుగదు.

ఇంతవరకు మెప్పే. ఇక సందేహములు. ఈ లారీ మనుష్యుల శ్రమను తొలగించునను మాట మొదటి పొరపాటు. బల్లమీద గుండ్ల పెట్టెలను ఎవరో ఒకరు పేర్చవలెను, త్రాళ్ళతోను గొలుసులతోను బిగించవలెను. బల్ల ఎత్తబడునపుడు బాగుగా వాలును కనుక ఆ కట్టు సామాన్య లారీలో కంటె గట్టిగా ఉండవలెను. సడలినచో పెట్టెలు డ్రైవరు వెనుకనే దొర్లిపోవును. గమ్యస్థానమున బల్లను దింపిన పిమ్మట ఆ పెట్టెలను విప్పి ఫిరంగి దగ్గరకు మోయువారు మరల మనుష్యులే. ఫోర్కులిఫ్టు ఉన్న డిపోలో శ్రమ తగ్గినది ఫోర్కులిఫ్టు వలన, కొక్కెము వలన కాదు. అయినచో కొక్కెము చేసినదేమి? హమాలీ చేయు పనిని లారీ ఎదుటనుండి తప్పించి, లారీ లేని సమయమునకు మార్చినది. ఒక బల్ల దారిలో ఉండగా వేరొక బల్ల ఇచ్చట నిండుచుండును, ఇంకొకటి అచ్చట ఖాళీ అగుచుండును. లారీ మాత్రము తిరుగుచునే యుండును. ఇది చిన్న లాభము కాదు. కాని ప్రకటనలు చెప్పు లాభము ఇది కాదు.

ఇందుండి రెండవ సంగతి పుట్టుచున్నది. ఒక్కొక్క లారీకి మూడు నాలుగు బల్లలు లేనిచో ఈ ఏర్పాటు కుంటుపడును. ఉన్న బల్లలు ఖాళీ అయిన వెంటనే తిరిగి రావలెను. యుద్ధరంగములో బలమైన ఇనుప బల్ల దొరికినచో దానిని తిరిగి పంపుటకు ఎవరికి మనసొప్పును? గోడగా నిలుపుటకు, బురదపై పరచుటకు, గుడారమునకు నేలగా వేయుటకు అది మిక్కిలి పనికివచ్చును. హైదరాబాదు సోడా దుకాణము వారు ఖాళీ సీసాలకు బయానా పుచ్చుకొన్న కాలమును ఎరిగినవారికి ఈ చిక్కు వెంటనే అర్థమగును. 1991 గల్ఫు యుద్ధములో ఇటువంటి తప్పే పెట్టెల విషయమున జరిగినది. అమెరికా నుండి సౌదీ అరేబియా రేవులకు సుమారు 40,000 పెద్ద సరకు పెట్టెలు చేరినవి. వానిలో సగమునకు పైగా లోపల ఏమున్నదో తెలియక తెరచి చూడవలసి వచ్చినది. రేవుల వద్ద పేరుకొన్న ఆ గుట్టలను సైనికులు ‘ఇనుప పర్వతములు’ అనిరి. ఎత్తుటకు యంత్రములు చాలినన్ని యున్నను, పెట్టెమీద చీటి లేకపోయెను. పెట్టెలకు రేడియో గుర్తులు అంటించు పద్ధతికి తరువాతి సంవత్సరములలో అమెరికా సైన్యము అంత డబ్బు వ్యయపరచుట ఈ అనుభవము వలననే.

మూడవది బరువు. ఇంత పెద్ద లారీకి తగిన ఇనుపచేయి, దాని సిలిండర్లు, చట్రము కలిసి సుమారు రెండు టన్నులు తూగును. ఖాళీ బల్ల ఒకటిన్నర టన్ను దాకా ఉండును. ఈ మూడున్నర టన్నులు ప్రతి ప్రయాణమునను సరకు స్థానమును తిని కూర్చుండును. కొండదారిలో ప్రతి మలుపునకును వానిని మోయవలసినదే. అంతేకాదు, బల్ల అడుగు దూలముల వలన సరకు జానెడెత్తు పైకి పోవును. జానెడే కదా అని త్రోసివేయరాదు. చక్రముల నడుమ దూరము 2 మీటర్లు, మొత్తము బండి గురుత్వకేంద్రము నేలనుండి 1.8 మీటర్ల ఎత్తున ఉన్నచో, లారీ ప్రక్కకు 29 డిగ్రీలు ఒరిగిన పడిపోవును. ఆ ఎత్తు 2 మీటర్లయినచో ఇరువదియారున్నర డిగ్రీలకే పడును. మలుపులో వేగముగా పోవునపుడు ఈ తేడాయే డ్రైవరుకు ప్రాణము.

అన్నింటికంటె పెద్ద అడ్డంకి నేలయే. కొక్కెము పనిచేయుటకు లారీయు బల్లయు ఒకే సరళరేఖలో ఉండవలెను. లారీ పొడవు సుమారు 11 మీటర్లు, బల్ల 6 మీటర్లు; కనీసము 17 మీటర్ల తిన్ననైన, ఇంచుమించు చదునైన జాగా కావలెను. రాజస్థానపు ఇసుకనేలలో, పంజాబు పొలములలో ఇది దొరకును. శ్రీనగరు నుండి లేహ్‌కు పోవు దారిలో, 3,500 మీటర్ల ఎత్తుననున్న జోజిలా కనుమ దాపున, ఒక లారీ పట్టు వెడల్పుగల మలుపులలో ఎచ్చట దొరకును? ఆ కనుమ క్రింద సొరంగము త్రవ్వు పనిని హైదరాబాదు సంస్థ అయిన మేఘా ఇంజనీరింగు 2020లో చేపట్టినది; సొరంగము ప్రయాణమును సుళువు చేయును గాని, దాని ఆవలి కొండవాలును చదును చేయదు. అంత ఎత్తున గాలి పీడనము సముద్రమట్టముననున్న దానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. టర్బో లేని ఇంజను ఆ మేరకు నీరసించును. చలికి హైడ్రాలిక్ నూనె చిక్కబడి, గొట్టములలో తేనెవలె మెల్లగా కదలును. మైదానములో ఒక నిమిషమునకు తిరుగు చేయి అచ్చట ఎంతసేపటికి తిరుగునో ప్రదర్శనశాలలో తెలియదు.

భారత సైన్యము ఎన్నుకొన్న మార్గమును ఈ వెలుగులో చూడవలెను. 2015లో టాటా మోటార్సు సంస్థకు 1,239 సైనిక లారీల నిమిత్తము ఒప్పందము ఈయబడినది. 2016లో మరి 619 కోరబడినవి. ఆరు చక్రస్థానములకును ఇంజను బలము అందు ఈ లారీలలో కొక్కెము లేదు, లారీమీదనే అమర్చిన క్రేను ఉన్నది. మందుగుండు ప్యాలెట్లను, విడి భాగములను తానే ఎత్తుకొని, తానే దింపుట దాని పని. విదేశీ సైన్యముల కొక్కెపు లారీలతో పోల్చి ఇది వెనుకబాటు అని అనువారు తొందరపడుచున్నారు. క్రేనుకు పొడవైన సరళరేఖ అక్కరలేదు. రోడ్డు ప్రక్కన నిలిచి, ప్రక్కకే దింపవచ్చును. ప్రత్యేకమైన బల్ల లేకపోయినను, కట్టిన ఏ మూటనైనను ఎత్తును. తిరిగి రావలసిన బల్లల బెడదయు లేదు. కొండలలో కావలిగాయు సైన్యమునకు ఇది తెలివైన ఎంపికయే.

అయితే ఈ ఎంపికకు చెల్లించు మూల్యమును దాచరాదు. క్రేను ఒక్కొక్క ప్యాలెట్టునే ఎత్తును. ఒక్కొక్కదానికి నాలుగు నిమిషములనుకొన్నను, పది ప్యాలెట్లకు నలుబది నిమిషములు లారీ నిలిచియుండవలసినదే. అనగా మొదట చెప్పిన వ్యాధి చాల వరకు అట్లే ఉండిపోయినది. 4 మీటర్ల దూరమున రెండున్నర టన్నులెత్తు క్రేను 8 మీటర్ల దూరమున ఒకటింపావు టన్ను మాత్రమే ఎత్తగలదు; భ్రామకము మారదు కదా. ఊతకాళ్ళు దింపక ఎత్తినచో లారీయే ఒరుగును. ఊతకాళ్ళు దింపుటకు గట్టి నేల కావలెను, సమయమును కావలెను. డ్రైవరు కుర్చీ వదలి బయటికి వచ్చి, ఎత్తు బరువును కంటితో చూచుచు నడపవలెను. బరువుకు త్రాడు తగిలించుటకు రెండవ మనిషి ఉండవలెను. కనుక మైదాన ప్రాంతములలో, డిపోనుండి ఫిరంగి దళములకు రోజంతయు తిరుగు లారీలకు కొక్కెమే మేలు. కొండలలో క్రేనే మేలు. ఒకే నమూనా అంతటికి సరిపోవునని నమ్ముట కొనుగోలు శాఖలకు సుఖము గాని సైనికునకు కాదు.

ఏ యంత్రమును లేకపోవుట అన్నింటికంటె చెడ్డదని 2022లో ఉక్రెయిన్‌లో ప్రారంభమైన యుద్ధము చూపినది. రష్యా సైనికులు ఫిరంగి గుండ్ల చెక్కపెట్టెలను లారీలనుండి చేతులతోనే దింపుచుండుట చిత్రములలో లోకమంతయు చూచినది. ప్యాలెట్లును ఎత్తు యంత్రములును చాలకపోవుట వారి సరఫరాలోని ప్రధాన లోపములలో ఒకటియని పరిశీలకులు పదే పదే వ్రాసిరి. డ్రోనులు పైన తిరుగుచున్న ఆకాశము క్రింద ఒక గంట నిలిచిన లారీకిని, రెండు నిమిషములు నిలిచిన లారీకిని ఎంత భేదమో వేరుగా చెప్పనక్కరలేదు.

మరల నారాయణఖేడ్ వైపు చూచిన, ఈ కొక్కెపు లారీ తత్త్వము అచ్చటి రైతునకు క్రొత్తది కాదు. పత్తి ఏరు దినములలో ట్రాక్టరు గలవాడు ట్రాలీని చేని గట్టున విడిచి, ముక్కు క్రింద రాయి పెట్టి, ట్రాక్టరును దుక్కికో నీటి పనికో తోలుకొనిపోవును. కూలీలు తమ తీరికను బట్టి ట్రాలీ నింపుదురు. సాయంకాలము ట్రాక్టరు వచ్చి తగిలించుకొనును. ఇంజను నిలిచియుండదు, కూలీలను ఎవరును తొందరపెట్టరు. బరువునుండి ఇంజనును వేరుచేయు ఉపాయము ఇదే గదా! మరి సైన్యములు ట్రాలీలతో ఎందుకు తృప్తిపడలేదు? ఏలననగా ట్రాలీకి ఇరుసు, చక్రములు, టైర్లు ఉన్నవి. నిండుటకై ఎదురుచూచుచున్నంతసేపు అవియును నిద్రించుచుండును. పది ట్రాలీలు కావలెనన్న పది జతల చక్రములు కొనవలెను. చక్రములు లేని ఇనుప బల్ల అంతకంటె చౌక. పైగా బురదలో, ఇసుకలో వెనుక ఈడ్చుకొనిపోవు ట్రాలీ ఇంజనుకు గుదిబండ. అదే బరువు లాగు చక్రముల మీదనే ఉన్నచో ఆ చక్రములకు నేలపట్టు హెచ్చును.

యార్డులోని వ్యాపారికి మాత్రము లెక్క వేరు. సంవత్సరములో రెండు మూడు నెలల పనికి కొక్కెపు లారీ గిట్టుబాటు కాదు; అదనముగా రెండు ట్రాలీలుంచుకొన్న చాలును. హమాలీల కూలి అట్లును పోదు. బస్తా నేలనుండి లేవవలసినదే. నిండిన రెండు చక్రముల ట్రాలీ ముక్కును రాతిమీదనుండి లేపి పిన్ను దూర్చుటకు బాటిల్ జాకీ తెచ్చి క్రింద పెట్టుదురు. ఒక కుర్రవాడు పిడిని పైకి క్రిందికి కొట్టుచుండగా, టన్ను బరువైన ముక్కు వ్రేలెడు వ్రేలెడుగా లేచును.